ముందు కాళ్లూ చేతులూ ముట్టుకొని చూడండి సార్

తిమ్మిర్లని పోతే చాలు, ఈ మధ్య నేరుగా యాంటీబాడీ ప్యానెల్ (మన నరాల మీదే దాడి చేసే యాంటీబాడీల కోసం చేసే రక్తపరీక్షల కట్ట) రాసేస్తున్నారు. వేలల్లో బిల్లు. మా మేనమామకు చిటికెన వేలు మొద్దుబారి, అరికాళ్లు మండుతుంటే ఒక ప్రైవేటు ఆస్పత్రిలో అదే చేయించారు. అందులో జీఎం1 అనే యాంటీబాడీ 'బోర్డర్‌లైన్' అని వచ్చింది. ఇంటిల్లిపాదికీ టెన్షన్. ముంజేతి మీద పాలిపోయిన మచ్చను మాత్రం అక్కడ ఎవరూ చూడలేదు. చూసింది సర్కారు దవాఖాన డాక్టరమ్మ. మామను కళ్లు మూసుకొమ్మని దూదితో మచ్చ మీద రాసింది. ఆయనకు తెలియలేదు. మోచేయి వెనక నరం తాడులా చేతికి తగిలింది. కుష్టు! మందులు ఉచితంగా ఇచ్చారు.

కుష్టు పోయిందనుకుంటున్నాం. 2005లో ప్రభుత్వం ప్రకటించింది అది ప్రజారోగ్య సమస్య స్థాయిలో లేదని మాత్రమే. ప్రపంచంలో కొత్తగా బయటపడే కేసుల్లో సగానికి పైగా ఇప్పటికీ మన దేశంలోనివే. అలాంటి చోట చర్మం చూడకుండా నరాల జబ్బుకు కారణం ఎట్లా తెలుస్తుంది?

నల్గొండలో ఇంకో గోస ఉంది. మర్రిగూడ వైపు ఎవరి కాళ్లు పట్టు తప్పినా ఫ్లోరైడ్ ఖాతాలో వేస్తారు. ఫ్లోరైడ్ నీళ్లతో వచ్చే ఫ్లోరోసిస్‌లో ఎముక పెరిగి వెన్నుపామును నొక్కితే, మోకాలి కింద సుత్తితో తట్టగానే సాధారణంగా కాలు మామూలు కంటే గట్టిగా ఎగిరిపడుతుంది. కాళ్ల నరాలే దెబ్బతింటే ఆ కదలిక తగ్గిపోతుంది. ఈ తేడా పట్టడానికి చిన్న సుత్తి చాలు.

ఆ తర్వాత షుగర్, బీ12, ప్రొటీన్ ఎలక్ట్రోఫోరెసిస్ (రక్తంలో తేడా ప్రొటీన్లను పట్టే పరీక్ష), నరాల కండక్షన్ టెస్ట్ (నరాల్లో కరెంటు ఎంత బాగా పారుతోందో చూసేది) చేయించాలి. ఏ మందులు వాడుతున్నారో కూడా అడగాలి. మెట్‌ఫార్మిన్ ఏళ్లుగా మింగేవాళ్లలో బీ12 తగ్గవచ్చు. టీబీకి ఇచ్చే ఐసోనియజిడ్‌తో తిమ్మిర్లు రావచ్చు.

యాంటీబాడీ పరీక్షలు వద్దనడం లేదు. స్పర్శ బాగుండి చేతుల్లో బలం పోతుంటే జీఎం1 చూడాల్సిందే. కండరాలను నడిపే నరాలు చచ్చిపోయే, నయం చేసే మందులేని ఏఎల్‌ఎస్ అనుకున్నది, మందున్న జబ్బుగా తేలవచ్చు. సీఐడీపీకి (ఒంట్లోని రోగనిరోధక శక్తే నరాల పొరను దెబ్బతీసే జబ్బు) లక్షలు పోసి ఐవీఐజీ (దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీల మందు) ఎక్కించినా గుణం కనిపించకపోతే న్యూరోఫాసిన్ 155 అనే యాంటీబాడీ చూడాలి. అది పాజిటివ్ అయితే రిటుక్సిమాబ్ అనే మందు పనిచేసే అవకాశం ఎక్కువ. ఆ పరీక్ష నిజంగా అవసరమైన మనిషికేమో 'నరాల బలహీనత' అని బలం సూదులు వేసి పంపుతున్నారు. అవసరం లేనివాళ్లకు అన్నీ కలిపి చేయిస్తున్నారు. ఆ బోర్డర్‌లైన్‌లు ఏ జబ్బూ లేనివాళ్లలోనూ వస్తాయి.

మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్గొండ, సూర్యాపేటల్లో 2019లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. కండక్షన్ టెస్ట్ చేసే మిషను, దాన్ని చదవగల న్యూరాలజిస్టు ఈ మూడు చోట్లా ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. దేవరకొండ, అచ్చంపేట మనుషులు తిమ్మిరి కాళ్లతో హైదరాబాద్ నిమ్స్ ఆస్పత్రి దాకా బస్సులు మారాల్సిన పని ఉండకూడదు. ఎమ్మెల్యేలు ఓట్లకు వచ్చినప్పుడు ఈ మాట అడగండి.