రీసెట్ బటన్ ఏమన్న కాలింగ్ బెల్లా?

ఇయ్యాల పొద్దుగాల నాలుగింటికి ఓవెన్ డీజిల్ బర్నర్ లాకౌట్ అయింది, అంటే మంట కనపడక తనంతల తానే బంద్ అయింది. ఎర్ర లైటు. ఉస్మానియా బిస్కెట్ల మాల్ ట్రేలల్ల రెడీగ ఉంది, ఆరింటికల్ల చాయ్ హోటళ్లకు పోవాలె. నేను కార్ఖానాకు వచ్చేసరికి మా పోరడు మూడుసార్లు రీసెట్ ఒత్తిండంట, నాల్గోసారి వేలు పెట్టబోతుంటే చెయ్యి పట్టి గుంజిన. ఎవరు చెప్పిన్రురా అంటే "మెకానిక్ అన్ననే చెప్పిండు, అంటుకునే దాక కొట్టమన్నడు" అన్నడు. నాకు ఒళ్లు మండిపోయింది, ఇంకా తగ్గలే.

ఆ మెకానిక్‌నే పిలిచిన, వేరే దిక్కు లేదు ఆ టైముల. వచ్చిండు, ఏం విప్పలే, ఏం చూడలే, కంట్రోల్ బాక్స్ పోయింది అన్నడు, మార్చిండు, 4500 అన్నడు. చేతిల ఉన్న 3000 ఇచ్చిన. రెండు ట్రాలీలు కాలినయి, మూడోదానికి మళ్ల అదే ఎర్ర లైటు. ఫోన్ ఎత్తడు.

ఇగ నేనే విప్పిన. మంటను చూసే ఫొటోసెల్ నిండ మసి. మంట ఉన్నా ఆ కన్నుకు కనపడకపోతే బాక్స్ డీజిల్ బంద్ చేస్తది, దాని పని అదే, బాక్స్ తప్పేముంది చెప్పండి? నిప్పురవ్వ కొట్టే ఎలక్ట్రోడ్ల కొసలకు బొగ్గు పేరుకుంది, మధ్యల 3, 4 మిల్లీమీటర్లు ఉండాల్సిన సందు దాని డబుల్ ఉంది. ఇగ డీజిల్ చిమ్మే నాజిల్... పోయిన నెల సర్వీస్ అని వచ్చి పంపు స్టవ్‌కు పిన్ను కొట్టినట్టు దాంట్ల సన్న తీగ పెట్టి తిప్పిండు ఈయనే, నా కళ్ల ముందటనే, నేను వద్దంటనే ఉన్న. అయ్యా, లోపల సన్న గాళ్లు ఉంటయి, డీజిల్ అండ్లకెల్లి సుడి తిరుగుతూ బయటికొస్తేనే పొగమంచు లెక్క చిమ్ముతది. రంధ్రానికి ఒక్క గీత పడ్డా పక్కకు కొడ్తది, ఎలక్ట్రోడ్లు తడుస్తయి, మసి పడ్తది. మొత్తం రోగం అక్కడ మొదలైంది. నాజిల్ పాడైతే మార్చాలె, పొడవొద్దు!

పొద్దెక్కినంక సికింద్రాబాద్ రాణిగంజ్ పోయి కొత్తది తెచ్చిన, కొన్ని వందల రూపాయల సామాను. దాని మీదనే రాసుంటది, 1.50 అంటే 7 బార్ ప్రెషర్ మీద గంటకు ఒకటిన్నర అమెరికన్ గ్యాలన్, మన లెక్కల 5.7 లీటర్ల దాక, పక్కన 60 డిగ్రీలు అని డీజిల్ చిమ్మే కోణం. కొందరు ఏది దొరికితే అది బిగిస్తరు, 60 ఉన్నకాడ 80 పెడితే మంట గోడకు తగిలి బొగ్గు కట్టదా? నాజిల్ మార్చిన, సందు సరిచేసిన, ఫొటోసెల్ మెత్తటి బట్టతో తుడిచిన, ఒక్క రీసెట్‌కు అంటుకుంది. ఇప్పటిదాక ఆగలే.

అయినా నా బాధ ఆ 3000 గురించి కాదు. 2011ల నేను కూలికి పనిచేసిన కార్ఖానాల గూడ సేట్ ఇదే మాట చెప్పేటోడు, "కొట్టు, అదే అంటుకుంటది" అని. అంటుకోని ప్రతిసారి కొంత డీజిల్ ఛాంబర్ల పడ్తది, వేడికి ఆవిరై లోపలనే ఉంటది, ఈ సంగతి మాకెవ్వరు చెప్పలే. నాతోటి పోరడు ఐదుసార్లు కొట్టిండు, ఆరోసారికి లోపలున్నదంత ఒక్కసారి అంటుకుని డోర్ తన్నింది, కుడి చెయ్యి, కనుబొమ్మలు కాలినయి. దవాఖానల ఉన్న పదకొండు రోజుల జీతం కోసిండు సేట్, తప్పు పోరనిదేనంట. వాడు మళ్ల ఓవెన్ దగ్గరికి రాలే, ఊరికి పోయిండు. నేను అప్పుడు నోరు మూసుకున్న, నాకూ జీతం కావాలె కద. ఇయ్యాల మా పోరని వేలు ఆ బటన్ మీద చూడంగనే వాడే యాదికొచ్చిండు.

బటన్ పైన తెలుగుల, హిందీల రాసి అంటించిన, ఒక్కసారే ఒత్తాలె, అంటుకోకపోతే నాకు ఫోన్ చెయ్యాలె, మాల్ పోతే పోనీ అని. మెకానిక్ మిగిలిన 1500 కోసం శుక్రవారం వస్తడంట. రానీ. ఆ గీత పడ్డ నాజిల్ జేబుల పెట్టుకునే తిరుగుతున్న.