జీతం బాకీకి పరాయి భూమి: రూఫస్ పుట్నం జీవితం చెప్పేది

అమెరికా సైనికాధికారి రూఫస్ పుట్నం 1738లో మసాచుసెట్స్‌లో పుట్టాడు. ఏడేళ్లకే తండ్రి పోయాడు. మారుతండ్రికి పూటకూళ్ల ఇల్లు ఉండేది, పిల్లాణ్ణి బడికి పంపనివ్వలేదు. అక్కడికొచ్చే వాళ్లకు పనులు చేసిపెడితే చేతిలో పెట్టే చిల్లరతో తుపాకీ మందు కొని, పిట్టల్ని కొట్టి అమ్మి, ఆ డబ్బుతో ఒక అక్షరాల పుస్తకం, ఒక లెక్కల పుస్తకం కొనుక్కున్నాడు. ఈ సంగతి చదివినప్పుడల్లా నాకు ఆ పిల్లాడి మీద ప్రేమ పుడుతుంది. అందుకే అతని మిగతా జీవితం గురించి రాయడం కష్టంగా ఉంది, కానీ రాయాలి.

మర పనులు నేర్చుకున్నాడు, ఫ్రెంచి వాళ్లతో జరిగిన యుద్ధంలో బ్రిటిష్ పక్షాన 1757 నుంచి 1760 దాకా పనిచేశాడు, సర్వే సొంతంగా నేర్చాడు. తర్వాత బ్రిటిష్ వాళ్ల మీదే అమెరికా స్వాతంత్ర్య యుద్ధం వచ్చింది. 1776 మార్చిలో బోస్టన్‌ను బ్రిటిష్ సైన్యం నుంచి విడిపించాలంటే డార్చెస్టర్ గుట్టల మీద రాత్రికి రాత్రే కోట లేవాలి, చూస్తే నేల గడ్డకట్టి గునపం దిగని స్థితి. పుట్నం ఒక జనరల్ దగ్గర అరువు తెచ్చుకున్న పుస్తకంలో ఉపాయం దొరికింది: చెక్క చట్రాలు చేసి, వాటిలో కట్టెల మోపులు పేర్చి, తవ్వకుండానే గోడ లేపడం. తెల్లారేసరికి గుట్ట మీద కోట ఉంది. మార్చి 17న బ్రిటిష్ వాళ్లు ఊరు వదిలి వెళ్లిపోయారు.

అంత చేసినవాళ్లకు యుద్ధం అయ్యేసరికి జీతాలు లేవు. ఖజానా ఖాళీ. సైనికుల చేతికి వచ్చింది డబ్బు కాదు, బాకీ పత్రాలు. వాటి మీద రాసిన విలువకీ బజార్లో పలికే ధరకీ పొంతనే లేదు, చాలామంది ఇల్లు గడవక అయినకాడికి అమ్ముకున్నారు. 1783లో 280 మందికి పైగా అధికారులు ఓహియో ప్రాంతంలో భూమి ఇమ్మని అర్జీ పెట్టారు, దాన్ని పుట్నం సేనాధిపతి జార్జ్ వాషింగ్టన్‌కు పంపాడు. 1786 మార్చిలో బోస్టన్‌లో, ఆ భూమి కొనడానికి ఓహియో కంపెనీ పెట్టారు. మరుసటి ఏడాది అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్ దగ్గర సుమారు 15 లక్షల ఎకరాలకు ఒప్పందం కుదిరింది, సొమ్ము మాత్రం ఆ విలువ పడిపోయిన పత్రాలతోనే.

నేను ఇక్కడే ఆగుతాను. ప్రభుత్వం తన బాకీని తన ఆస్తితో తీర్చలేదు. షానీ, డెలవేర్, వయండాట్ అనే అక్కడి ఆదివాసీ తెగల ప్రజలు వేటాడుతూ, మొక్కజొన్న పండించుకుంటూ బతుకుతున్న నేలతో తీర్చింది. మన దగ్గరా మాజీ సైనికులకు ప్రభుత్వ భూమి ఇచ్చే పద్ధతి ఉంది కాబట్టి ఆ ఆశ మనకు కొత్త కాదు, సైనికుడి కోరికలో తప్పు కూడా కనిపించదు. తప్పు ఆ భూమి ఎవరిదో అడగకుండా నడిచిన లెక్కలో ఉంది. పైగా ఆ ప్రాంతం పాలన కోసం చేసిన 1787 నార్త్‌వెస్ట్ శాసనంలోనే, ఇండియన్ల (అంటే ఈ ఆదివాసుల) భూమిని వాళ్ల సమ్మతి లేకుండా తీసుకోకూడదని స్పష్టంగా రాశారు.

1788 ఏప్రిల్ 7న 48 మందితో పుట్నం మస్కింగం నది ఓహియోలో కలిసే చోట దిగాడు. మరియెట్టా ఊరు అలా మొదలైంది. కొలతలు, వీధులు, కోట, అన్నీ పద్ధతిగా. అక్కడున్న ప్రాచీన మట్టి దిబ్బల్ని చెరపకుండా కాపాడారు కూడా. 1789లో ఫోర్ట్ హార్మర్‌లో తెగలతో ఒక ఒప్పందం చేసుకున్నారు, కానీ షానీలు దాన్ని ఒప్పుకోలేదు. 1791 జనవరి 2న బిగ్ బాటమ్ అనే చిన్న వలస మీద తెగల వాళ్ల దాడి జరిగి 12 మంది చనిపోయారు. పుట్నం వెంటనే, అప్పటికి అధ్యక్షుడైన వాషింగ్టన్‌కు రక్షణ కావాలని రాశాడు. ఆ నవంబర్‌లో జనరల్ సెయింట్ క్లెయిర్ నడిపిన అమెరికా సైన్యం తెగల చేతిలో ఓడిపోయి 600 మందికి పైగా సైనికులు పోయారు. 1792లో కాంగ్రెస్ ఇంకో లక్ష ఎకరాలు ఇచ్చింది, అక్కడ స్థిరపడి కాపలా ఉండేవాళ్లకు ఒక్కొక్కరికి 100 ఎకరాలు ఉచితం. అంటే ఆ రైతు కుటుంబాలనే సరిహద్దు గోడగా నిలబెట్టారు.

పుట్నం దుర్మార్గుడని నేను అనను. 1802లో ఓహియో రాజ్యాంగ సభలో బానిసత్వాన్ని వ్యతిరేకించాడు, ఆథెన్స్‌లో విశ్వవిద్యాలయం రావడానికి పనిచేశాడు. బడి దక్కని మనిషి కదా, చదువు విలువ తెలుసు.

నన్ను ఎక్కువ బాధపెట్టేది 1792 సెప్టెంబర్ 27న విన్‌సెన్స్‌లో అమెరికా తరఫున అతను చేసిన ఒప్పందం. వాబాష్, ఇల్లినాయ్ తెగల పెద్దలతో కూర్చుని, వాళ్ల భూమి వాళ్లదేనని రాసిచ్చాడు. ఆ తెగల నుంచి కొందరు ఫిలడెల్ఫియాకు ప్రయాణమై వెళ్లారు, వాళ్లలో కొందరు మశూచితో అక్కడే చనిపోయారు. ఆ భూమిని అమ్మితే ముందుగా కొనే హక్కు అమెరికాకే ఉంటుందని అందులో రాయలేదన్న అభ్యంతరంతో, 1794 జనవరిలో కాంగ్రెస్ ఎగువ సభ అయిన సెనేట్ ఆ ఒప్పందాన్ని తిరస్కరించింది. ఏడాదిన్నర తర్వాత, 1795 ఆగస్టులో, ఫాలెన్ టింబర్స్ యుద్ధంలో అమెరికా సైన్యం చేతిలో ఓడిన తెగలు గ్రీన్‌విల్‌లో సంతకం చేసి ఓహియోలో చాలా భాగం వదులుకున్నాయి. ఆ మరుసటి ఏడాది పుట్నం అమెరికా సర్వేయర్ జనరల్ అయ్యాడు, కొత్తగా వచ్చిన ఆ నేలను కొలిపించి ముక్కలు చేయించే పని అతని చేతికే వచ్చింది.