చెరిపిన చేతి జాడ చెరగకూడదు

2024 జులై 21 రాత్రి మదనపల్లె సబ్‌కలెక్టర్ కార్యాలయంలో మంటలు లేచి భూముల దస్త్రాలు కాలిపోతే, మరునాడే రాష్ట్ర డీజీపీ హెలికాప్టర్‌లో వెళ్లి ఆ గదులు పరిశీలించారు. కాలిన కాగితానికి బూడిదైనా మిగులుతుంది, పొగ చూసినవారైనా ఉంటారు కాబట్టి ప్రభుత్వం కదలక తప్పలేదు. అదే దస్త్రం కంప్యూటర్‌లో ఉండి, సాయంత్రం ఆఫీసు కట్టేసే ముందు ఎవరో 'డిలీట్' నొక్కి ఇంటికి పోయి ఉంటే ఆ సంగతి బయటపడటానికి ఎన్నాళ్లు పట్టేది? పట్టించుకునేదెవరు? సచివాలయంలోనూ జిల్లాల్లోనూ నోట్‌ఫైళ్లు ఈ-ఆఫీస్ అనే కంప్యూటర్ దస్త్రాల వ్యవస్థలోకి మారుతున్నాయి. దస్త్రం మాయమయ్యే తీరు కూడా దాంతోపాటే మారిపోయింది. ఆ మాయను పట్టుకునే పద్ధతి మాత్రం ఇంకా బీరువా తాళాల కాలంలోనే ఉంది.

నిజానికి కంప్యూటర్‌లో ఉన్న పత్రాన్ని పూర్తిగా లేకుండా చేయడం కాగితాన్ని కాల్చడం కంటే కష్టం. పత్రాల నిర్వహణ సాఫ్ట్‌వేర్‌లో ఏ పత్రమూ ఒక్కచోట ఉండదు. దాని పేరు, నంబరు, ఎవరు చేర్చారు, ఎప్పుడు చేర్చారు అన్న వివరాలు డేటాబేస్‌లో ఒక వరుసగా ఉంటే, అసలు ఫైలు సర్వర్‌లోని మరో గోదాములో ఉంటుంది. వాడుకరి 'డిలీట్' నొక్కినప్పుడు చాలా వ్యవస్థల్లో జరిగేదల్లా ఆ వరుసలోని ఒక గడిలో గుర్తు మారడమే. ఆ గుర్తు ఉన్న వరుసలను తెర మీద చూపించవద్దని సాఫ్ట్‌వేర్‌కు చెప్పి ఉంటారు కనుక పత్రం మన కంటికి కనిపించదు. అంటే అది పోలేదు, దాక్కుంది.

చాలా సంస్థలు వాడే ఆల్‌ఫ్రెస్కో సాఫ్ట్‌వేర్‌నే చూద్దాం. అందులో తొలగించిన పత్రం ముందు చెత్తబుట్టలోకి వెళ్తుంది. చెత్తబుట్టను ఖాళీ చేస్తే డేటాబేస్‌కూ ఫైలుకూ మధ్య ఉన్న లంకె తెగుతుంది గానీ ఫైలు ఉన్నచోటే ఉంటుంది. సెట్టింగులు ఎవరూ మార్చకపోతే అలా 14 రోజులు అనాథగా పడి ఉన్నాక, రోజూ తెల్లవారుజామున నడిచే శుభ్రపరిచే ప్రోగ్రాం దాన్ని తీసి 'కంటెంట్‌స్టోర్ డిలీటెడ్' అనే మరో ఫోల్డరులో పెడుతుంది. నిర్వాహకుడు ప్రత్యేకంగా ఖాళీ చేసేదాకా అది అక్కడే ఉంటుంది. ఫోల్డర్ల వరుస సంవత్సరం, నెల, తేదీ, గంట, నిమిషం క్రమంలో ఉంటుంది కాబట్టి ఆ పత్రం వ్యవస్థలోకి ఎప్పుడు వచ్చిందో దాని చిరునామాయే చెబుతుంది. పేరు స్థానంలో అర్థం కాని పొడవాటి సంకేతం, చివర 'బిన్' అన్న తోక తప్ప మరేమీ కనిపించదు. ఫైలు తెరిచి మొదటి నాలుగు అక్షరాలు చూస్తే శాతం గుర్తు, ఆ వెంట 'పీడీఎఫ్' అని ఉంటుంది. ఫోరెన్సిక్ నిపుణుడికి అంతకంటే ఏం కావాలి?

అక్కడా దొరక్కపోతే వెతకడానికి ఇంకా చోట్లున్నాయి. వెతుకులాట త్వరగా జరగడానికి సాఫ్ట్‌వేర్ తయారుచేసుకునే సూచికలో పత్రంలోని మాటలు మిగిలిపోవచ్చు. మొదటి పేజీ చిన్న బొమ్మ ఇంకో ఫోల్డరులో ఉండొచ్చు. ముందటి ప్రతులు, రాత్రి బ్యాకప్, సర్వర్ లావాదేవీల చిట్టా, గుమస్తా డెస్క్‌టాప్‌లో మిగిలిన స్కాన్ కాపీ ఉండనే ఉన్నాయి. కొన్ని పీడీఎఫ్ ఫైళ్లలో మార్పు చేసి భద్రపరిస్తే కొత్త భాగం చివర అతుక్కుంటుంది తప్ప పాత పాఠం చెరగదు. విండోస్ చెత్తబుట్టలో ప్రతి ఫైలుకూ జతగా ఉండే చిన్న ఫైలులో అది మొదట ఎక్కడుండేది, ఎప్పుడు తీసేశారు అన్నది రాసే ఉంటుంది. ఇన్ని చోట్లనూ గుర్తుపెట్టుకుని ఒకేసారి తుడిచేయడం ఆరితేరినవారికీ కష్టమే.

హైదరాబాద్‌కు ఈ సంగతి ఒకరు చెప్పాల్సిన పని లేదు. 2009 జనవరి 7 నాటి ఛైర్మన్ లేఖతో సత్యం కంప్యూటర్స్ లెక్కల కుంభకోణం బయటపడ్డాక, సీబీఐకి దొరికిన గట్టి ఆధారాల్లో ఒకటి ఆ సంస్థ సొంత ఇన్వాయిస్‌ల నిర్వహణ సాఫ్ట్‌వేర్. 'సూపర్ యూజర్' పేరిట ఉన్న ప్రత్యేక లాగిన్‌తో లోపలికి వెళ్లినవారు ఏ ఇన్వాయిస్‌నైనా మిగతా విభాగాలకు కనబడకుండా దాచగలిగేవారు. కనిపించాల్సిన దానికి 'ఎస్', దాచాల్సిన దానికి 'హెచ్'. తేడా అంతా ఆ ఒక్క అక్షరంలోనే ఉంది. అలా దాచిన 7,561 ఇన్వాయిస్‌లు ఉన్నాయనీ, వాటి విలువ 5,117 కోట్ల రూపాయలనీ దర్యాప్తు లెక్క తేల్చింది. 2015 ఏప్రిల్ 9న హైదరాబాద్‌లోని ప్రత్యేక కోర్టు పది మందిని దోషులుగా ప్రకటించింది. ప్రపంచానికి సాఫ్ట్‌వేర్ రాసిచ్చిన సంస్థలోనే, అన్నీ చూడగల, అన్నీ దాచగల లాగిన్‌ను ప్రశ్నించే రెండో కన్ను లేకపోయింది. ఆ గుర్తులు డేటాబేస్‌లో మిగిలి ఉండబట్టి సరిపోయింది గానీ, ఆ సూపర్ యూజర్‌కే వాటిని తుడిచే ఓపిక కూడా ఉండి ఉంటే కథ వేరుగా ఉండేది.

1986 నవంబరులో అమెరికా అధ్యక్ష భవనంలో జరిగింది ఇంకా సూటిగా చెబుతుంది. ఇరాన్‌కు ఆయుధాలు అమ్మి ఆ డబ్బును నికరాగువా తిరుగుబాటుదారులకు మళ్లించిన వ్యవహారం బయటికి పొక్కుతున్న రోజుల్లో జాతీయ భద్రతా మండలి అధికారి ఆలివర్ నార్త్, ఆయన పైఅధికారి జాన్ పాయిండెక్స్‌టర్ కార్యాలయ కంప్యూటర్లలోని వేలాది సందేశాలను తొలగించారు. నొక్కితే శాశ్వతంగా పోతాయనే అనుకున్నామని నార్త్ మరుసటి ఏడాది కాంగ్రెస్ ముందు చెప్పుకున్నారు. పోలేదు. బ్యాకప్ టేపులను చూసే బాధ్యత వేరొక విభాగానిది. తిరగరాసే వంతు రాకముందే ఆ టేపులను పక్కన పెట్టించడంతో సందేశాలు దక్కాయి, ఆ వ్యవహారాన్ని పరిశీలించిన టవర్ కమిషన్ 1987 ఫిబ్రవరి నివేదికకు అవి ఆధారమయ్యాయి. ఇందులో రెండు విషయాలు గమనించాలి. టేపులు చెరిపినవారి చేతిలో లేవు, ఆపేవారు వేళకు వచ్చారు.

మన దగ్గర ఈ రెండింటికీ భరోసా లేదన్నదే మా ఆందోళన. జాడలు మిగులుతాయి నిజమే కానీ ఎల్లకాలం మిగలవు. మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ పత్రాల వ్యవస్థ షేర్‌పాయింట్‌లో తొలగించిన పత్రం రెండు చెత్తబుట్టల్లోనూ కలిపి 93 రోజులే ఉంటుంది. సర్వర్ చిట్టాలు నిండిపోయిన కొద్దీ పాతవాటి మీద కొత్తవి పడతాయి. కొత్తరకం ఎస్‌ఎస్‌డీ డిస్కుల్లో చెరిపిన చోటును డిస్కే తనంతట తాను ఖాళీ చేసుకుంటుంది కాబట్టి పాత హార్డ్‌డిస్కుల్లో దొరికినంత సులువుగా వాటిలో ఏదీ దొరకదు. ఇక మన కార్యాలయాల నడక చూడండి. ఫైలు కనిపించడం లేదని ముందు మౌఖికంగా అడుగుతారు, తర్వాత మెమో ఇస్తారు, సంజాయిషీ వస్తుంది, అది చాలదని శాఖాపరమైన విచారణ వేస్తారు. పోలీసుల దాకా వెళ్లేసరికి ఆ 93 రోజులు ఎప్పుడో గడిచిపోతాయి. ఈలోగా ఆ కంప్యూటర్‌ను మరో ఉద్యోగికి ఇచ్చి, విండోస్ కొత్తగా ఎక్కించడం కూడా అయిపోతుంది. 2023 డిసెంబరులో తెలంగాణలో ప్రభుత్వం మారిన వేళ పోలీసు నిఘా విభాగమైన స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్యూరోలో హార్డ్‌డిస్కులు ధ్వంసం చేశారన్న అభియోగంపై కేసు నమోదైంది 2024 మార్చిలో. అందులో నిజానిజాలు కోర్టు తేల్చాల్సినవి. మధ్యలో గడిచిన ఆ మూడు నెలలు మాత్రం వ్యవస్థ లోపమే.

చట్టాలు లేక కాదు. సమాచార సాంకేతిక చట్టం 43, 66 సెక్షన్ల కింద కంప్యూటర్‌లోని సమాచారాన్ని దురుద్దేశంతో తొలగించడం నేరం, మూడేళ్ల దాకా జైలు. కోర్టులో సాక్ష్యం కాకుండా ఎలక్ట్రానిక్ రికార్డును నాశనం చేస్తే భారతీయ న్యాయ సంహిత 241వ సెక్షన్ ఉంది, దానికీ మూడేళ్లే. చిక్కంతా అక్కడే. ఏడేళ్లు, ఆపైన శిక్ష పడే నేరాల్లోనే ఘటనాస్థలికి ఫోరెన్సిక్ నిపుణులు తప్పనిసరిగా వెళ్లాలని నేర దర్యాప్తు, విచారణల తీరును నిర్దేశించే నాగరిక్ సురక్షా సంహిత అంటోంది. గంట గంటకూ ఆధారాలు కరిగిపోయే నేరానికి ఆ నిబంధన వర్తించదు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ ఎలక్ట్రానిక్ రికార్డుతోపాటు ధ్రువపత్రం కావాలంటుంది, అందులో హ్యాష్ విలువ, అంటే ఫైలులోని సమాచారం నుంచి లెక్కగట్టే వేలిముద్ర లాంటి అక్షరాల వరుస, రాయాలంటుంది. మంచి నిబంధనే, కానీ హ్యాష్ తీయడానికి ఆ ఫైలు అంటూ ఒకటి దొరకాలి కదా.

పబ్లిక్ రికార్డుల చట్టం 1993 నుంచే ఉంది. కంప్యూటర్ తయారుచేసినదీ రికార్డే అని అది ఆనాడే చెప్పింది, అక్రమంగా ధ్వంసం చేస్తే అయిదేళ్ల దాకా శిక్ష పెట్టింది. అయితే అది కేంద్ర ప్రభుత్వం, కేంద్రపాలిత ప్రాంతాలు, కేంద్ర సంస్థల రికార్డులకే. రాష్ట్ర సచివాలయంలో చెరిగిన ఫైలు దాని పరిధిలోకి రాదు. కర్ణాటక 2010లో తనదైన చట్టం చేసుకుంది. రెండు తెలుగు రాష్ట్రాలూ ఆ బాట పట్టాలి, ఎలక్ట్రానిక్ తొలగింపును అందులో పేరుపెట్టి చెప్పాలి. ఏ రకం రికార్డును ఎన్నేళ్లకు ఎవరి ఉత్తర్వుతో తీసేయవచ్చో రాయాలి. ఆ ఉత్తర్వు నంబరు ఇవ్వందే సాఫ్ట్‌వేర్ తొలగింపును అనుమతించకూడదు.

ఈ జాడలు దొంగను పట్టించడానికి మాత్రమే కాదు, అమాయకుణ్ని కాపాడటానికీ కావాలి. మన కార్యాలయాల్లో చిట్టా చూపేది లాగిన్ పేరునే, మనిషిని కాదు. అధికారి పాస్‌వర్డు అటెండరుకూ తెలిసి ఉండటం, డిజిటల్ సంతకం పెట్టే చిన్న పరికరం (డాంగిల్) రోజంతా కంప్యూటర్ ఆపరేటర్ దగ్గరే ఉండటం ఎవరూ ఆశ్చర్యపోయే సంగతులు కావు. రేపు తొలగింపు బయటపడితే బలయ్యేది కాంట్రాక్టు ఆపరేటరే. బ్రిటన్‌లో హొరైజన్ సాఫ్ట్‌వేర్ తప్పుడు లెక్కల కారణంగా 900 మందికి పైగా తపాలా కార్యాలయాల నిర్వాహకులు దోషులయ్యారు. వారికి తెలియకుండానే ఆ సాఫ్ట్‌వేర్‌ను నడిపిన ఫుజిట్సు కంపెనీ సిబ్బంది దూరం నుంచి ఆ ఖాతాలు మార్చగలిగేవారని హైకోర్టు తేల్చింది 2019 డిసెంబరులో. ఎవరు ఎప్పుడు ఏం ముట్టుకున్నారన్న చిట్టా కంపెనీ దగ్గరే ఉంటే, నిందితుడికి తనను తాను కాపాడుకునే దారి ఉండదు. చిట్టా నకలు నిందితుడికి కూడా అందాలని మేము కోరేది అందుకే.

పౌరుల వ్యక్తిగత వివరాలను అవసరం తీరాక చెరిపేయాలని 2023 నాటి డిజిటల్ డేటా రక్షణ చట్టం చెబుతోంది కదా, మీరు అడిగేది దానికి విరుద్ధం కాదా అని కొందరు అధికారులు అనవచ్చు. కాదు. చట్టప్రకారం చెరపాల్సినదాన్ని సూచికల్లోనూ బ్యాకప్పుల్లోనూ వెనకగది ఫోల్డర్లలోనూ నిజంగానే చెరపాలి. ఫలానా ఆధార్ నకలును ఫలానా ఉత్తర్వు మేరకు ఫలానా అధికారి తీసేశారన్న ఒక్క పంక్తి మిగలాలి. ఆధార్ నంబరు ఆ పంక్తిలో అక్కర్లేదు. ఇప్పుడు జరుగుతున్నది సరిగ్గా దీనికి తలకిందులు. పౌరుడి వివరాలు ఏ మూలో ఉండిపోతున్నాయి, తీసినవారి పేరు మాత్రం పోతోంది.

ఈ-ఆఫీస్‌లో పసుపు రంగు చిత్తు నోటును అధికారి తీసేయగలరు, అది ఖరారై ఆకుపచ్చ నోటుగా మారాక ముట్టుకోలేరు. పాత నోట్‌ఫైలు మర్యాద ఎరిగినవారే దాన్ని రూపొందించారని చెప్పాలి. ఆ కట్టుబాటును నోటు దగ్గర ఆపకుండా తొలగింపు చిట్టాకూ విస్తరించాలి. చిట్టాను ఆ శాఖ అడ్మిన్ అధీనంలో ఉంచకూడదు. రోజు ముగిశాక దాని హ్యాష్ విలువను రాష్ట్ర అకౌంటెంట్ జనరల్ కార్యాలయానికి పంపాలి. తర్వాత ఎవరు చిట్టాలో ఒక్క అక్షరం మార్చినా రెండు విలువలూ పొసగవు. ఫైలు కనబడటం లేదని లిఖితపూర్వక ఫిర్యాదు అందిన 24 గంటల్లో ఆ సర్వర్‌లో శుభ్రపరిచే ప్రోగ్రాములను, బ్యాకప్ తిరగరాతను నిలిపివేసే అధికారం జిల్లా స్థాయిలోనే ఒకరికి ఇవ్వాలి. మిగతా ఫోరెన్సిక్ పనంతా ఆ తర్వాతిది. చట్టసభలు కొత్త చట్టం చేసేదాకా ఆగకుండా, ఈ షరతులను సాఫ్ట్‌వేర్ కొనుగోలు టెండర్లలోనూ నిర్వహణ ఒప్పందాల పునరుద్ధరణలోనూ చేర్చే పనిని రెండు ప్రభుత్వాల ఐటీ శాఖలు వెంటనే మొదలుపెట్టవచ్చు.