భుజానికి తగిన కెమెరా

ఉద్యోగ విరమణ చేసిన ఇద్దరు ఫొటోగ్రఫీ ప్రియులు చాలాకాలానికి కలిస్తే, మాట ఎక్కడ మొదలైనా కాసేపటికి సామగ్రి మీదికి వస్తుంది. ఇప్పుడు ఏ కెమెరా బాడీ వాడుతున్నారు, పాత లెన్సులు ఉంచారా అమ్మేశారా, లోపల అద్దం లేని కొత్త తరం మిర్రర్‌లెస్ కెమెరాకు మారారా లేదా అని. పక్కన విన్నవాళ్లు పెదవి విరుస్తారు. ఫొటో తీసేది కన్ను కానీ కెమెరా కాదనీ, ఈ వయసులో వస్తువుల మీద ఇంత వ్యామోహం ఎందుకనీ వాళ్ల తీర్పు. ఆ తీర్పు తప్పు. ‘కెమెరా ఏదైతే ఏమిటి’ అనే మాట పాతికేళ్ల భుజాలకు చెల్లుతుంది. అరవై ఐదు దాటాక సామగ్రే సగం ఫొటోగ్రఫీ.

పక్షుల ఫొటోల సంగతే చూడండి. తీరిక దొరికాక ఎందరో మనసు పెట్టే విభాగం ఇది, బరువు ఎక్కువగా వేధించేదీ ఇదే. దూరపు పక్షిని దగ్గరగా చూపే నికాన్ 500 ఎంఎం ఎఫ్/4 లెన్సును ఫ్లోరైట్ స్ఫటికం వాడి తేలిక చేసినా 3 కిలోలు దాటుతుంది. అదే సంస్థ 2018లో తెచ్చిన 500 ఎంఎం ఎఫ్/5.6 పీఎఫ్ లెన్సు బరువు 1,460 గ్రాములు. ఫ్రెనెల్ పద్ధతి గాజు పలక వాడి దాన్ని కుదించారు. వదులుకున్నది ఒక స్టాప్ వెలుగు, అంటే లెన్సులోకి వచ్చే వెలుగులో సగం; తగ్గింది కిలోన్నరకు పైగా బరువు. ముప్పై ఏళ్లవాడికి ఆ తేడా సౌకర్యం. డెబ్బై ఏళ్ల మనిషికి తెల్లవారుజామున చెరువుగట్టు దాకా వెళ్లడమా, ఇంట్లో ఉండిపోవడమా అన్నది ఆ కిలోన్నరే తేలుస్తుంది.

చేతి వణుకు మరో సమస్య. చేతిలో పట్టుకుని తీసేటప్పుడు షట్టర్ వేగం లెన్సు ఫోకల్ దూరానికి తగ్గకూడదని పాత సూత్రం. 500 ఎంఎం అయితే సెకనులో 500వ వంతు. వణుకును సరిచేసే ఏర్పాటు (స్టెబిలైజేషన్) ఉన్న మొదటి లెన్సును, లోపల అద్దం ఉండే ఎస్‌ఎల్‌ఆర్ కెమెరాల కోసం, కానన్ 1995లో తెచ్చింది. బొమ్మను పట్టే సెన్సార్‌నే అయిదు అక్షాల్లో కదిలించి వణుకును సరిచేసే పద్ధతిని ఒలింపస్ 2012లో ఈ-ఎం5తో చూపించింది. నాలుగు స్టాప్‌ల సాయం దొరికితే, అంటే ఆ వేగాన్ని నాలుగుసార్లు సగానికి తగ్గించుకోగలిగితే, సెకనులో 30వ వంతు వేగంతోనూ కొమ్మ మీద కుదురుగా కూర్చున్న పక్షి స్పష్టంగా వస్తుంది. ఎగిరే పక్షికి ఇది పనికిరాదు, నిజమే. అయినా ట్రైపాడ్ మోయలేని మనిషికి ఇంతకంటే పెద్ద మేలు ఏ సాంకేతికత చేసింది?

కళ్ల సంగతి ఇంకా ముఖ్యం. తీసిన ఫొటోను వెనక తెరపై చూడాలంటే చత్వారం వచ్చినవారు ప్రతిసారీ జేబులోంచి కళ్లద్దాలు తీయాలి. మిర్రర్‌లెస్ కెమెరాల్లో కంటికి ఆనించి చూసే చిన్న తెర, అంటే ఎలక్ట్రానిక్ వ్యూఫైండర్‌లో ఆ బాధ లేదు. డయాప్టర్ చక్రాన్ని ఒకసారి కంటికి సరిచేసుకుంటే చాలు, ఫొటో సరిచూసుకోవడం, పెద్దది చేసి ఫోకస్ పరీక్షించుకోవడం కన్ను తీయకుండానే అయిపోతాయి. మోకాళ్ల మీద కూర్చోలేనివారికి మడత తెర సాయం. ఆధునికత మోజులో మిర్రర్‌లెస్‌కు మారారని వీళ్లను విమర్శించేవాళ్లకు ఈ సంగతులు తెలియవు.

అందుకే పాత మిత్రుల సంభాషణను జాగ్రత్తగా వినాలి. “ఆ పెద్ద జూమ్ అమ్మేశానండీ” అని ఒకరంటే భుజం నొప్పి కబురు అందులోనే ఉంటుంది. “ఇప్పుడు ఒక్క చిన్న లెన్సే వాడుతున్నాను” అన్న మాటలో మంచంపట్టిన భార్యను విడిచి ఎక్కువసేపు బయట తిరగలేని పరిస్థితి ఉండవచ్చు. నేరుగా ఆరోగ్యం అడిగితే ‘బాగానే ఉన్నాను’ అని దాటవేసే మనిషి, లెన్సు గురించి అడిగితే అన్నీ చెబుతాడు. వ్యామోహమని కొట్టిపారేస్తే ఆ మాటలకు ఉన్న ఒక్క దారీ మూసుకుపోతుంది.

ఆంద్రే కెర్తెస్‌ను తలుచుకోకుండా ఈ వాదన పూర్తి కాదు. గత శతాబ్దపు మేటి ఫొటోగ్రాఫర్లలో ఒకరు. 1977లో భార్య ఎలిజబెత్ మరణించేనాటికి ఆయనకు 83 ఏళ్లు. ఆ దుఃఖంలో, ఆ తర్వాతి ఏళ్లలో ఆయన పట్టుకున్నది పోలరాయిడ్ ఎస్‌ఎక్స్-70. మడిస్తే బల్లపరుపుగా అయ్యే కెమెరా, 1972లో వచ్చింది. డార్క్‌రూమ్ అక్కర్లేదు, రసాయనాలు అక్కర్లేదు, కళ్లముందే బొమ్మ తేలుతుంది. న్యూయార్క్‌లో తన ఇంటి కిటికీ దగ్గర ఓ చిన్న గాజు బొమ్మను, దాని మీద పడే వెలుగును మళ్లీ మళ్లీ తీశారు. ఆ గాజు బొమ్మ భుజాల వంపు ఆయనకు ఎలిజబెత్‌ను గుర్తుచేసింది. ఆ కన్ను ఆయనకు మొదటినుంచీ ఉంది. ఆ వయసులో, ఆ ఒంటరితనంలో ఆ కన్ను మళ్లీ పనిచేయడానికి చేతికి అందే యంత్రం కావలసి వచ్చింది. అమెరికా ఫొటోగ్రాఫర్ ఇమోజెన్ కన్నింగ్‌హామ్ తొంభై దాటినవారి చిత్రాలు తీసే పని మొదలుపెట్టినప్పుడు ఆమెకు 92 ఏళ్లు. వృద్ధాప్యంలో ఫొటోగ్రఫీ కాలక్షేపమని చెప్పేవారు ఈ ఇద్దరి పని చూసి మాట్లాడాలి.

కొనడమే తప్ప తీయనివారు ఉన్నారు కదా అంటారు. ఉన్నారు. పింఛను డబ్బుతో అలమారా నింపుకునేవారికి ఇంట్లోవాళ్లు హితవు చెప్పడంలో తప్పులేదు. ఆ అలవాటు అన్ని వయసుల్లోనూ ఉంది, దాన్ని పెద్దల నెత్తిన రుద్దడం న్యాయం కాదు.

నా అసలు కోపం తయారీదారుల మీద. జపాన్ కెమెరా సంస్థల సంఘం లెక్కల ప్రకారం డిజిటల్ కెమెరాల సరఫరా 2010లో 12 కోట్లు దాటింది, 2023కు 77 లక్షలకు పడిపోయింది. మిగతావారు ఫోన్లకు వెళ్లిపోగా కెమెరాను వదలని నమ్మకస్తుల్లో ఈ తరం వారున్నారు. వారికి దక్కిందేమిటి? చీమల బారు లాంటి మెనూ అక్షరాలు, వేలికి తెలియని బొత్తాలు, ఏది నొక్కితే ఏది మారుతుందో తెలియని పేజీలు. ఒక్క కెమెరా అని కాదు, మందుల సీసా మూతల నుంచి బస్సు మెట్ల వరకు మన చుట్టూ ఉన్న వస్తువులన్నీ ముప్పై ఏళ్ల శరీరాన్ని కొలతగా పెట్టుకునే తయారవుతున్నాయి. పెద్దవారు వాటితో అవస్థ పడితే తప్పు వయసు మీదికి తోస్తున్నారు. ఆ వస్తువుకు రూపం గీసినవాడిని ఎవరూ నిలదీయరు.

కెమెరా సమీక్షలదీ అదే ధోరణి. సెకనుకు ఎన్ని ఫొటోలు, వీడియో ఎంత నాణ్యత అన్నదానికే పేజీలన్నీ. గంటసేపు పట్టుకుంటే మణికట్టు ఎలా ఉంటుంది, కళ్లద్దాలు లేకుండా మెనూ చదవగలమా, కీళ్లవాతం ఉన్న వేళ్లతో మెమరీ కార్డు మూత తెరుచుకుంటుందా? ఒక డెబ్బై ఏళ్ల ఫొటోగ్రాఫర్‌కు ఆ కెమెరాను రెండు వారాలు ఇచ్చి చూడండి. ఆయన రాసింది సమీక్షలో మొదటి పేరాగా వేయండి.