ఇంచు బయట పడ్డ బుల్లెట్‌ని లోపల రాయకండి

జింకల వేట టెస్టులో ఒక బుల్లెట్ టార్గెట్ మీది గీత దాటి అంగుళం బయట పడింది. మిగతావన్నీ సరిగ్గా ఉన్నాయి. మనిషి జాగ్రత్తపరుడు, రైఫిల్ పట్టుకునే తీరు బాగుంది. టెస్టు పెట్టే అసెసర్ అతన్ని పాస్ చెయ్యొచ్చా? ఇక్కడ బ్రిటన్‌లో జింకల్ని కాల్చేవాళ్లు నలుగురు కూడిన చోటల్లా ఈ వాదన లేస్తుంది. చాలామంది "అది అసెసర్ విచక్షణకి వదిలెయ్యాలి" అంటారు. నేను ఒప్పుకోను. అసెసర్ తన విచక్షణని ఫెయిల్ చెయ్యడానికి వాడొచ్చు, పాస్ చెయ్యడానికి మాత్రం వాడకూడదు. కారణాలు చెప్పకపోతే మొండితనంలా కనిపిస్తుంది కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ముందు మనవాళ్ల కోసం రెండు మాటలు. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది, జింకను చంపితే జైలుకెళ్లాలి. కృష్ణజింక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు, చుక్కల జింక తెలంగాణది. అక్కడ పుట్టి ఇక్కడికొచ్చి జింక మీద తుపాకీ ఎక్కుపెట్టడమేంటని మా ఇంట్లోవాళ్లే అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. కానీ బ్రిటన్‌లో తోడేళ్లు కొన్ని వందల ఏళ్ల కిందటే అంతరించిపోయాయి. పెద్ద జింకని వేటాడే జంతువు ఏదీ మిగల్లేదు. మందలు పెరిగిపోతే అడవిలో కొత్త మొక్క తలెత్తదు, వేసిన మొలకని వేసినట్టే మేసేస్తాయి. సంఖ్య తగ్గించే పని మనిషి మీద పడింది. ఆ పని చేసేవాడు జంతువుని హింస పెట్టకుండా చెయ్యగలడా లేదా అని చూడటానికే ఈ టెస్టు.

దీన్ని డీర్ స్టాకింగ్ సర్టిఫికెట్ లెవెల్ 1 అంటారు, వాడుకలో డీఎస్‌సీ వన్. మన టీచర్ పోస్టుల డీఎస్సీతో దీనికి సంబంధం లేదు. రాతపరీక్ష ఉంటుంది, జింకల జాతుల్ని గుర్తుపట్టాలి, సేఫ్టీ పరీక్ష ఉంటుంది, ఆపైన షూటింగ్. మొదట 100 మీటర్ల దూరంలో 4 అంగుళాల వృత్తంలో 3 బుల్లెట్లు పెట్టాలి. తర్వాత జింక బొమ్మ మీద 100 మీటర్ల నుంచి పడుకుని రెండు, 70 మీటర్ల నుంచి కూర్చునో మోకాలి మీదో రెండు, 40 మీటర్ల నుంచి నిలబడి రెండు. ఆరూ గుండె, ఊపిరితిత్తులు ఉండే భాగంలోనే పడాలి.

ఇది మరీ కఠినమని గొణిగేవాళ్లు ఒక లెక్క చూడాలి. స్కోపు ఉన్న ఈ కాలపు మంచి రైఫిల్‌ని సరిగ్గా జీరో చేసుకుంటే, అంటే గురిపెట్టిన చోటే బుల్లెట్ పడేలా స్కోపుని సర్దుకుంటే, 100 మీటర్లలో మూడు బుల్లెట్లు ఒకటిన్నర అంగుళంలో పడతాయి. వృత్తం 4 అంగుళాలు. చెయ్యి కాస్త వణికినా, ఊపిరి బిగబట్టడం కుదరకపోయినా సరిపోయేంత జాగా ముందే ఇచ్చేశారు. చూపించాల్సిన దయంతా ఆ వృత్తం గీసినప్పుడే చూపించారు. దాని మీద అసెసర్ తన వంతు ఇంకొంచెం కలిపితే ఇక కొలత ఎందుకు? ఇంటర్‌లో గ్రేస్ మార్కులు కలిపితే నష్టపోయే ప్రాణం ఏదీ లేదు. ఇక్కడ ఉంది, పైగా అది టెస్టు జరిగే షూటింగ్ రేంజి దగ్గర కనపడదు. అసెసర్ ఎదురుగా ఉండేది టెన్షన్ పడుతున్న మనిషి ఒక్కడే, కాబట్టి జాలి అటే పోతుంది.

ఆ జాలి ఎలా పని చేస్తుందో ఒకసారి దగ్గర నుంచి చూశాను. ఒక పెద్దాయన మోకాలి మీద కూర్చుని 70 మీటర్ల నుంచి కాల్చాడు. మొదటిది చక్కగా భుజం వెనక పడింది. రెండోది కిందికీ వెనక్కీ జారి కడుపు వైపు పోయింది. అసెసర్ బొమ్మ దగ్గరికి వెళ్లి, ఆ రంధ్రం మీద బొటనవేలు ఆనించి, గీతకీ రంధ్రానికీ మధ్య కాసేపు చూశాడు. తర్వాత వెనక్కి తిరిగి, "ఎన్నేళ్లుగా చేస్తున్నారు మీరు?" అని అడిగాడు. చిన్నప్పటి నుంచీ అన్నాడు పెద్దాయన. "సరే, లోపలే అనుకుందాం" అన్నాడు అసెసర్.

ఆ ప్రశ్న నాకు ఈరోజుకీ మింగుడు పడదు. రంధ్రం ఎక్కడుందో చెప్పడానికి ఆయన అనుభవంతో పనేంటి? పైగా ఆ ప్రశ్న అందర్నీ అడగరు. పాత ట్వీడ్ కోటు వేసుకుని, ఇక్కడి యాసలో మాట్లాడేవాణ్ని అడుగుతారు. నా మొహం చూసి, నా ఇంగ్లిష్ విని, ఎన్నేళ్లుగా వేటలో ఉన్నావని ఎవరూ అడగరు. కొత్తగా వచ్చిన అమ్మాయినీ అడగరు. విచక్షణ అంటే వినడానికి పెద్దమనిషి తరహాలో ఉంటుంది గానీ, ఆచరణలో అది అసెసర్‌కి తనలాంటి వాళ్లుగా కనిపించే వాళ్లకే అందుతుంది. గీత కచ్చితంగా ఉంటేనే నాలాంటి వాడికి న్యాయం.

అంగుళం దగ్గర ఇంత పట్టుదల ఎందుకంటే, రో జింక చిన్న జంతువు. పాతిక కిలోలు తూగితే ఎక్కువే. ఊపిరితిత్తుల వెనకే కాలేయం, దాని వెనకే పొట్ట. పొట్టలో బుల్లెట్ తగిలిన రో జింకని నేను చూశాను. అది కింద పడిపోలేదు. నడుం పైకి వంచి, తల దించి, నెమ్మదిగా చెట్లలోకి నడిచిపోయింది. నిలబడ్డ చోట రక్తం చాలా తక్కువ, గడ్డి మీద పసుపు కలిసిన పచ్చటి పసరు, కొన్ని వెంట్రుకలు. వెంటనే వెంబడించకూడదు, తరిమితే ఇంకా దూరం పోయి దొరక్కుండానే చస్తుంది. అందుకని ఆగాలి. అది ఎక్కడో నొప్పితో పడుకుని ఉందని తెలిసీ ఆగాలి. తర్వాత కుక్కని పొడవాటి తాడుతో వదిలితే ఫెర్న్ పొదల్లో దొరికింది. బతికే ఉంది. చెవులు మా వైపు తిప్పింది.

ఇక విచక్షణకి వదిలెయ్యాలనేవాళ్ల వాదనల సంగతి. టెస్టులో టెన్షన్ పడ్డాడు, కొండ మీద బాగానే కాలుస్తాడు అంటారు. కొండ మీద నిజమైన జింక ఎదురుపడితే గుండె ఇంకా ఎక్కువ కొట్టుకుంటుంది, చలిగాలి ఉంటుంది, వెలుతురు తగ్గుతుంటుంది. మోకాళ్ల నొప్పుల మాట మాత్రం న్యాయమైనదే. అలాంటివాళ్లకి కూర్చునే పద్ధతి మార్చండి, కర్రల ఆసరా ఇవ్వండి, టైం ఇవ్వండి. గీతని మాత్రం జరపొద్దు.

అలాగని అంతా మెషీన్‌కి అప్పజెప్పమని కూడా నేను అనను. రంధ్రాలు చెప్పలేనివి చాలా ఉన్నాయి. ట్రిగ్గర్ మీదికి వేలు ముందే పోయిందా, పక్కవాడితో మాట్లాడుతూ గొట్టం ఎటు తిప్పాడు, కంచె దాటే ముందు రైఫిల్ ఖాళీ చేశాడా? కొండ అంచు మీద ఆకాశానికి ఎదురుగా నిలబడ్డ జింక వెనక బుల్లెట్‌ని ఆపే నేల ఉండదు. దాన్ని చూసి కాల్చనని చెప్పే నిదానం అతనికి ఉందా? ఇవన్నీ అనుభవం ఉన్న మనిషి కన్నే పట్టాలి. ఆరు బుల్లెట్లూ గుండెలోనే పెట్టినవాణ్ని కూడా అసెసర్ ఈ కారణంతో ఇంటికి పంపితే నేను అసెసర్ వైపే నిలబడతాను.

నార్వేలో పెద్ద జంతువుల్ని వేటాడేవాళ్లు ప్రతి ఏడాదీ షూటింగ్ టెస్టు పాసవ్వాలి. 100 మీటర్ల నుంచి జింక బొమ్మ మీద 5 బుల్లెట్లు, 30 సెంటీమీటర్ల వృత్తంలో ఐదూ పడాలి. వృత్తం పెద్దదే, కానీ నాలుగు పడితే పాస్ కాదు. మళ్లీ ప్రాక్టీస్ చేసుకుని మళ్లీ రావచ్చు. నాకు నచ్చింది ఈ పద్ధతి. బ్రిటన్‌లో అలా ఏటేటా టెస్టు పాసవ్వాలన్న చట్టం లేదు. ముక్కూ మొహం తెలియనివాడికి తన భూమిలో కాల్చడానికి అనుమతి ఇచ్చే యజమాని ఈ సర్టిఫికెట్ కాగితాన్నే నమ్ముతాడు. "లోపలే అనుకుందాం" అన్న సంగతి ఆ కాగితం మీద ఎక్కడా ఉండదు.

కాబట్టి నేను అడిగేవి చిన్నవే. గీత దగ్గర అనుమానం వస్తే గేజ్ పెట్టి కొలవండి. ఎవరి బొమ్మో తెలియని రెండో మనిషితో చూపించండి. బయటుంటే బయటనే రాసి, అదే రోజు ఇంకో అవకాశం ఇవ్వండి. ఆ రోజు కుదరకపోతే వచ్చే నెల రమ్మనండి. మళ్లీ రావడానికి ఫీజు భారమంటే దాన్ని తగ్గించమని అందరం కలిసి అడుగుదాం, ఆ అర్జీ మీద మొదటి సంతకం నేను పెడతాను.