కొబ్బరి పీచు సరే, వరి సంగతేంటి?
మొక్కల కణాల గోడల గురించి వచ్చిన వ్యాసం ఒకటి చదివాను. సెల్యులోజ్ అనే పీచు పదార్థపు పోగుల మధ్య లిగ్నిన్ అనే గట్టి పదార్థం చేరి గట్టిపడటం వల్లే సూక్ష్మజీవులు మొక్కల కణాల గోడల్ని తేలిగ్గా ఛేదించలేవని వ్యాసంలో రాశారు. నూటికి నూరుపాళ్లు నిజం. మా కోనసీమలో పంట బోదెల్లో నానుతూ పడి ఉండే కొబ్బరి డొక్కల్ని చూస్తే చాలు. పోగుల్ని అంటిపెట్టుకున్న పెక్టిన్ అనే మెత్తటి జిగురు పదార్థమంతా కుళ్లిపోతుంది, నీళ్లు నల్లబడి కంపు కొడతాయి, పీచు మాత్రం చేత్తో లాగినా తెగదు. అందులో 40 శాతం దాకా లిగ్నినే మరి. కానీ లిగ్నిన్ అంటే అదేదో ఒకసారి కట్టేసి వదిలేసిన గోడ అన్నట్టు రాయడం నాకు నచ్చలేదు. తెగులు సోకిన చోట మొక్క అప్పటికప్పుడు అదనంగా లిగ్నిన్ పేర్చుకుంటుంది. పైగా మనం వేసే ఎరువును బట్టి కూడా అది మారుతుంది. డెల్టాలో పక్క చేను కంటే మన చేను పచ్చగా ఉండాలని కొందరు అదునూ మోతాదూ చూడకుండా యూరియా చల్లేస్తారు. ఆకు నల్లపచ్చగా, ఏపుగా కనిపిస్తుంది, కాడ మాత్రం గోటితో నొక్కితే నొక్కుకుపోతుంది. లిగ్నిన్ తగ్గిన ఆ కాడకి అగ్గితెగులు, పొడ తెగులు త్వరగా తగులుకుంటాయి. కంకి బరువెక్కాక తుపాను గాలి వీచిందంటే చేను చాప పరిచినట్టు పడిపోతుంది. ఇంకో మాట, వరి కాడ గట్టిపడాలంటే లిగ్నిన్‌తో పాటు సిలికా (ఇసుకలో ఉండే పదార్థం) కూడా కావాలి. వ్యాసంలో దాని ఊసే లేదు. ఊక బూడిదలో ఎక్కువ భాగం సిలికానే. మిల్లుల దగ్గర దాన్ని గుట్టలుగా పారబోసే బదులు చేలకి తోలుకుంటే ఎంత బాగుంటుంది!