ఏ డిస్క్ లాగాలో చెప్పే లైటు

అరవై డిస్కులున్న స్టోరేజ్ ఎన్‌క్లోజర్‌లో, అంటే డిస్కులు పెట్టే పెట్టెలో, ఒకటి పాడైందనుకుందాం. ఆపరేటింగ్ సిస్టమ్ దాన్ని 'ఎస్‌డీఏకే' లాంటి పేరుతో చూపిస్తుంది. సర్వర్ రీబూట్ అయితే ఆ పేరు కూడా మారిపోవచ్చు. ర్యాక్ ముందు నిలబడ్డ మనిషికి మాత్రం కనబడేవి ఒకేలా ఉన్న ట్రేలు. రెయిడ్-5లో, అంటే ఒక డిస్క్ పోయినా డేటా నిలిచేలా కలిపిన డిస్కుల సమూహంలో (అర్రే), ఒక డిస్క్ పోయాక పొరపాటున ఇంకోటి లాగితే అర్రే మొత్తం ఆగిపోతుంది. అప్పుడుండే టెన్షన్ చూసినవాళ్లకే తెలుస్తుంది.

కమాండ్ కొట్టే ఇంజినీర్ హైదరాబాద్‌లో, డిస్క్ లాగే టెక్నీషియన్ ఇంకో దేశంలో ఉండటం ఇప్పుడు మామూలే. 'ఎడమ నుంచి నాలుగోది' అని ఫోన్‌లో చెబితే సరిపోదు. ఒకరు సున్నా నుంచి లెక్కపెడతారు, ఇంకొకరు ఒకటి నుంచి. ఇద్దరికీ ఒకే అర్థం ఇచ్చేది ఆ స్లాట్ (డిస్క్ ఉండే గడి) మీద వెలిగే లైటే.

ఆ లైటు వెలిగించేది ఎన్‌క్లోజర్‌లో ఉండే చిన్న ప్రాసెసర్. స్కజీ ఎన్‌క్లోజర్ సర్వీసెస్, అంటే ఎస్‌ఈఎస్ అనే ప్రమాణం ప్రకారం అది ఆపరేటింగ్ సిస్టమ్‌కి డిస్కులతో పాటు ఒక విడి పరికరంగా కనిపిస్తుంది. 'రిసీవ్ డయాగ్నొస్టిక్ రిజల్ట్స్' కమాండ్‌తో దాని స్థితి చదవాలి, 'సెండ్ డయాగ్నొస్టిక్'తో ఆదేశం పంపాలి. లైనక్స్‌లో ఈ పనికి డగ్లస్ గిల్బర్ట్ రాసిన ఎస్‌జీ3_యుటిల్స్ ప్యాకేజీలోని ఎస్‌జీ_ఎస్‌ఈఎస్ అనే టూల్ వాడతారు. ఏ సాస్ అడ్రస్ (డిస్క్‌ని గుర్తించే నంబర్) ఏ స్లాట్‌లో ఉందో చెప్పే పేజీ కూడా ఎన్‌క్లోజర్ ఇస్తుంది. నా దృష్టిలో అన్నిటికంటే విలువైన పేజీ అదే. దాన్ని చూడకుండా స్లాట్ నంబర్ ఊహించడం చాలా తప్పు.

అసలు ప్రమాదం ఆదేశం పంపేటప్పుడు ఉంది. ప్రతి స్లాట్‌కీ నాలుగు బైట్ల ఆదేశం. సున్నా నుంచి లెక్కపెడితే మూడో బైట్‌లో ఐదో బిట్ 'ఫాల్ట్' లైటు వెలిగిస్తుంది. దాని పక్కనే ఉన్న నాలుగో బిట్ ఆ స్లాట్‌లోని డిస్క్‌ని ఆఫ్ చేయమని చెబుతుంది. '3:5:1' (బైట్, బిట్, ఎన్ని బిట్లు) అని కొట్టాల్సిన చోట '3:4:1' పడితే, ఎన్‌క్లోజర్‌కి ఆ సౌకర్యం ఉన్నప్పుడు, బాగా పనిచేస్తున్న డిస్క్‌కి పవర్ పోతుంది. ప్రమాణంలో కొంత రక్షణ ఉంది. 'ఆదేశం దీనికే' అని చెప్పే సెలెక్ట్ బిట్ పెట్టని స్లాట్‌ని ఎన్‌క్లోజర్ పట్టించుకోదు. మీరు చదివిన తర్వాత దాని అమరిక మారి ఉంటే, జనరేషన్ కోడ్ (అమరిక మారితే మారే సంఖ్య) కలవక ఆదేశాన్ని తిరస్కరిస్తుంది. కానీ ఆ డిస్క్ మీద ఫైల్ సిస్టమ్ నడుస్తోందా, రెయిడ్ ఇప్పటికే బలహీనంగా ఉందా అన్నది ఎన్‌క్లోజర్‌కి తెలియదు. ఈ దారిలో వెళ్లే ఆదేశం వాటిని అడగదు కూడా.

అందుకే రోజువారీ పనికి ఎస్‌జీ_ఎస్‌ఈఎస్ వద్దంటాను. లైనక్స్ కెర్నల్‌లోని ఎస్‌ఈఎస్ డ్రైవర్ ప్రతి స్లాట్‌కీ 'లొకేట్' అనే ఫైల్ ఇస్తుంది. అందులో 1 రాస్తే ఆ స్లాట్ లైటు వెలుగుతుంది. ఎల్‌ఈడీసీటీఎల్ అనే టూల్ కూడా ఉంది. ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఎస్‌ఈఎస్‌యుటిల్ ఇదే పని చేస్తుంది. లైటు కోసం రాత్రి షిఫ్ట్‌లో బిట్ నంబర్లు గుర్తుపెట్టుకోమనడం ఇంజినీర్‌కి చేసే అన్యాయం.

అలాగని ఎస్‌జీ_ఎస్‌ఈఎస్‌ని నిషేధించమనడం లేదు. ఎన్‌క్లోజర్ లోపలి సాఫ్ట్‌వేర్ (ఫర్మ్‌వేర్) వింతగా ప్రవర్తించినప్పుడు, ఫ్యాన్, పవర్ సప్లై, ఉష్ణోగ్రత గురించి ఎన్‌క్లోజర్ నిజంగా ఏం చెబుతోందో చూడాలంటే అదే దిక్కు. చదవడానికి ధైర్యంగా వాడండి. రాయాల్సి వస్తే అంకెలు వద్దు, గుర్తింపు లైటుకున్న 'ఐడెంట్' అనే పేరు వాడండి. స్క్రిప్ట్ రూట్ (పూర్తి అధికారం) హక్కులతో నడుస్తుంది కాబట్టి కెర్నల్ అడ్డు చెప్పదని గుర్తుంచుకోండి.

కొనే దగ్గర కూడా మనం చూసేది టెరాబైట్లు, ధర మాత్రమే. ఎన్‌క్లోజర్ చెప్పే స్లాట్ పేరు, ట్రే మీద అచ్చేసిన నంబర్ కలుస్తున్నాయా అని ఎవరూ అడగరు. డేటా ఎక్కించకముందే ఒక్కో స్లాట్ లైటు వెలిగించి సరిచూసుకుంటే ఒక గంట పని. ఆ గంట టెండర్‌లోనే రాయించుకోవాలి.

డిస్క్ లాగాక దాని సీరియల్ నంబర్ చదివి సరిపోల్చాలి. కొత్తది పెట్టాక లైటు ఆర్పాలి. నిన్న ఆర్పకుండా వదిలేసిన లైటు ఇంకా వెలుగుతుంటే, ఇవాళ వచ్చిన టెక్నీషియన్ ముందు రెండు లైట్లుంటాయి.